ఇసుకలో లేదన్న ఉంగరం

"గురువుగారూ, నిజం చెప్పాక కూడా మనసు కుదుటపడకపోతే ఏటి అర్థం?" అని అడిగాడు లోకనాథం.

కూర్మాచారి గారు అప్పుడే ముఖం కడుక్కుని వచ్చి అరుగు మీద కూర్చున్నారు. తెల్లారీ తెల్లారగానే అడిగే ప్రశ్న కాదది. ఆయన శిష్యుడి ముఖంకేసి చూశారు. రెండు మూడు రోజులుగా గడ్డం గీసుకున్నట్టు లేదు. కళ్ళ కింద చారలు పడ్డాయి. ఇసుకలో లోహం వెతికే మిషను మాత్రం ఎప్పటిలాగే భుజాన వేలాడుతోంది.

"ముందు కూర్చో. కాఫీ తాగు," అన్నారు.

కూర్మాచారి గారు ముత్యాలరేవులో పేరున్న కంసాలి. నలభై ఏళ్ళు కుంపటి ముందు కూర్చున్నారు. చూపు మందగించాక పనిముట్లు మేనల్లుడి చేతిలో పెట్టి పని మానుకున్నారు. అచలబోధ అనే తత్వమార్గం ఆయనకు తండ్రి దగ్గర నుంచి వచ్చింది. గురువారం సాయంత్రాలు ఆయన పెరట్లో పదిమంది చేరి తంబురా మీద తత్వాలు పాడుకుంటారు. పాటకీ పాటకీ మధ్య ఎవరైనా ఏదైనా అడిగితే ఆయన ఒక్క మాట చెబుతారు. అది అర్థం కాలేదంటే చేతిలో బెల్లంముక్క పెట్టి ఇంటికి పంపేస్తారు. లోకనాథం ఈ ఆరేళ్ళలో చాలా బెల్లం తిన్నాడు.

లోకనాథానికి బజారులో మోటార్ల రీవైండింగు షాపు ఉంది. మూడేళ్ళ కిందట ఒక సాయంత్రం సముద్రం ఒడ్డున ఒకావిడ మెడలో గొలుసు పోగొట్టుకుని ఇసుకను రెండు చేతులతో తోడుతూ ఏడవడం చూశాడు. ఆ ఏడుపు అతన్ని వదల్లేదు. నెల తిరక్కుండా దాచుకున్నదంతా పెట్టి మెటల్ డిటెక్టర్ తెప్పించాడు. పొడుగాటి కర్ర, కర్ర చివర పళ్ళెం లాంటి చక్రం, చెవులకు పెట్టుకోవడానికి హెడ్‌ఫోన్లు. పళ్ళాన్ని ఇసుక మీద అటూ ఇటూ ఊపుకుంటూ నడిస్తే, కింద లోహం ఉన్నచోట చెవిలో మోగుతుంది.

అప్పట్నుంచి ఒడ్డున ఎవరికి ఏది పోయినా లోకనాథానికే కబురు. ముక్కుపుడకలు తీశాడు, పట్టీలు తీశాడు, మోటారు సైకిలు తాళాలు లెక్కలేనన్ని తీశాడు. పైసా పుచ్చుకోడు. మరీ బలవంతపెడితే ఒక కొబ్బరికాయ తీసుకుని గురువారం నాడు గురువుగారి ముందు పెడతాడు. డబ్బు ముట్టనివాడు కాబట్టి అతని మాటకు బరువు పెరిగింది. లోకనాథం ఉందంటే ఉన్నట్టే, లేదంటే లేనట్టే అని రేవులో జనం అనేవారు. ఆ మాట చెవిన పడితే లోకనాథానికి బాగుండేది. ఎవరికి బాగుండదు?

కాఫీ గ్లాసు చేతిలోనే చల్లారిపోతోంది.

"పోలమ్మ గారి కోడలి సంగతి మీరు వినే ఉంటారు," అన్నాడు లోకనాథం.

"విన్నాను. నువ్వు చెప్పు."

పోలమ్మ పెద్దరేవు వీధిలో ఉంటుంది. భర్త పోయి చాలా కాలమైంది. ఆయన వేలికి పెట్టిన ఉంగరం ఒక్కటే ఆవిడ దగ్గర మిగిలింది. కార్తీక పౌర్ణమి నాడు కోడలు నూకరత్నం సముద్ర స్నానానికి బయల్దేరుతుంటే, పండగపూట పిల్ల చేయి బోసిగా ఉందని పోలమ్మే ఆ ఉంగరం తీసి తొడిగింది. కాస్త వదులుగానే ఉంది. స్నానం చేసి వచ్చేసరికి వేలికి లేదు. కెరటం లాగేసిందని నూకరత్నం వెక్కి వెక్కి ఏడ్చింది. ఆ వారమే ఆ పిల్ల తమ్ముడు వచ్చి అక్కను చూసి వెళ్ళాడు. ఉంగరం వాడి చేతికిచ్చి పంపిందేమోనని పోలమ్మ మనసులో పురుగు దూరడానికి ఆ మాత్రం చాలింది.

"మూడు రోజులు వెతికాను గురువుగారూ. స్నానం చేసిన చోటు నుంచి పడవలు లాగే చోటు దాకా. తాడు కట్టి, గీతలు గీసుకుని, జానెడు కూడా వదలకుండా వెతికాను. పోలమ్మ గారు గొడుగేసుకుని నా వెనకే నిలబడింది. మూడో రోజు అడిగింది, ఏటి బావూ అని."

"ఏమన్నావు?"

"అక్కడ పడలేదమ్మా అన్నాను."

లోకనాథం కాఫీ గ్లాసు పక్కన పెట్టేశాడు.

"ఆ మధ్యాహ్నమే ఆ పిల్లకి పెట్టె సర్ది పుట్టింటి బస్సుకి పంపేశారు. మొగుడు ఎల్లాజీ చేపల వేటకెళ్ళాడు, ఇంట్లో లేడు. నేను షాపులోంచి చూశాను. రేకుపెట్టె మోసుకుంటూ ఒక్కతే నడుచుకెళ్ళింది. నావైపు చూసింది కూడా. ఆ పిల్ల మీద నాకేం కోపం? ఉన్నమాట చెప్పాను. కష్టమైనా నిజమే చెప్పాలని మీరే కదా అంటారు. అన్నం ఎందుకు సయించటం లేదో నాకు తెలియటం లేదు."

"ఎల్లాజీ ఎప్పుడొస్తాడు?"

"ఆదివారం అంటున్నారు."

పడవ దిగగానే అతనికి తల్లి ఏం చెబుతుందో రేవులో అందరికీ తెలుసు. ఆ రోజు గురువారం. ఇంకా మూడు రోజులే ఉంది.

కూర్మాచారి గారు కాసేపు తన వేళ్ళకేసి చూసుకున్నారు. "ఆ ఉంగరం నేనే చేశాను," అన్నారు. "పావు తులం కూడా లేదు. పాపం పోలమ్మ మొగుడి దగ్గర అంతే ఉంది. పురికొసంత సన్నటి కాడ తీశాను." తర్వాత ఇంట్లోకి తిరిగి, "ఏమే, ఓసారి ఇలా రా," అని పిలిచారు.

అచ్చియ్యమ్మ గారు చీర చెంగుకు చేతులు తుడుచుకుంటూ వచ్చారు.

"నీ వేలికున్న ఉంగరం ఇవ్వు."

"ఇన్నేళ్ళకి కనిపించిందా నా వేలికి ఉంగరముందని?" అని ఆవిడ లోకనాథం వైపు తిరిగి నవ్వారు. ఊడి రాలేదు. లోపలికెళ్ళి సబ్బునీళ్ళు రాసుకుని, తిప్పి తిప్పి తీసి భర్త అరచేతిలో పెట్టారు. అంట్ల బూడిద, రుబ్బురోలు కలిసి దాన్ని దారంలా అరగదీశాయి.

సముద్రం మూడు వీధుల అవతల ఉన్నా ఆ పెరడంతా ఇసుకే. కూర్మాచారి గారు అరుగు దిగి, కరివేపాకు మొక్కకు ఇవతల గొంతుక్కూర్చుని, బొటనవేలితో గుంట చేసి ఉంగరం అందులో పెట్టారు. అరచేత్తో పైన సాపు చేశారు. లోకనాథం చూస్తూనే ఉన్నాడు.

"వెతుకు," అన్నారు.

లోకనాథానికి నవ్వొచ్చింది. గురువుగారు తనను నవ్వించి మనసు తేలిక చేద్దామనుకుంటున్నారు కాబోలనుకున్నాడు. హెడ్‌ఫోన్లు పెట్టుకుని పళ్ళాన్ని ఆ చోటు మీద ఊపాడు.

మోగలేదు.

ఇంకోసారి ఊపాడు. కిందికి దించి, ఇసుకకు ఆనించి ఊపాడు. బ్యాటరీ అయిపోయిందేమోనని జేబులోంచి షాపు తాళంచెవి తీసి పక్కన పడేసి చూశాడు. కంగుమని మోగింది. మళ్ళీ ఉంగరం చోటికి వచ్చాడు. చెవిలో చిన్న గరగర కూడా లేదు.

"ఏదండీ నా ఉంగరం?" అన్నారు అచ్చియ్యమ్మ గారు.

"ఏ ఉంగరం?" అన్నారు కూర్మాచారి గారు.

"ఏ ఉంగరమేటి? ఇప్పుడే కదా మీ చేతికిచ్చాను."

"మిషను లేదంటోంది కదే. నువ్వు ఇచ్చావో, మీ పుట్టింటివాళ్ళకి పంపించేసి ఇచ్చానంటున్నావో."

అచ్చియ్యమ్మ గారు నవ్వబోయారు. నవ్వు సగంలోనే ఆగిపోయింది. డెబ్భై ఏళ్ళ మనిషి, ముగ్గురు పిల్లలకి పెళ్ళిళ్ళు చేసి పంపిన మనిషి, ఇసుకకేసి, ఖాళీ వేలుకేసి, మొగుడి ముఖంకేసి చూశారు. అది పరాచికమని ఆవిడకు తెలుసు. అయినా కళ్ళల్లో నీళ్ళు వచ్చేశాయి.

"ఏడిపించడానికైనా అలాటి మాట అనకండి," అన్నారు మెల్లగా.

"తప్పే," అన్నారు కూర్మాచారి గారు. ఆయనా నవ్వడం లేదు.

"నేను చూశాను అమ్మగారూ," అన్నాడు లోకనాథం కంగారుగా. "మీరు ఇవ్వడం చూశాను, ఆయన పెట్టడం చూశాను. ఇక్కడే ఉంది."

"నువ్వు చూశావు కాబట్టి ఆవిడ బతికిపోయింది," అన్నారు కూర్మాచారి గారు.

లోకనాథం ఉన్నచోటే చతికిలబడ్డాడు. మిషను ఒళ్ళో పెట్టుకుని దాని మీటల కేసి చాలాసేపు చూశాడు. తర్వాత ఒక మీటను వెనక్కి తిప్పాడు. కూర్చున్నచోటు నుంచే పళ్ళాన్ని ఊపాడు. హెడ్‌ఫోన్లు మెడ మీదకు జారి ఉన్నాయి కాబట్టి ఆ చప్పుడు ముగ్గురికీ వినిపించింది. గుడగుడమని, గొంతు పట్టేసినవాడు మాట్లాడినట్టు, చిన్న చప్పుడు. వేళ్ళతో తవ్వి ఉంగరం తీసి, చొక్కాకు తుడిచి, అచ్చియ్యమ్మ గారికిచ్చాడు.

"ఏటయింది?" అన్నారు కూర్మాచారి గారు.

"ఒడ్డున అంతా చెత్తే గురువుగారూ. సోడా మూతలు, కూల్‌డ్రింకు డబ్బాల రేకులు, సిగరెట్టు పెట్టెల్లో తగరం కాగితం. అన్నిటికీ మోగుతుంది. కొన్న కొత్తలో మోగిన ప్రతిచోటా తవ్వేవాణ్ణి. నడుం పడిపోయేది. జనం చూసి నవ్వేవారు, సోడా మూతల లోకనాథం అని. ఈ మీట తిప్పితే చెత్తకి మోగదు. రెండేళ్ళ కిందట తిప్పేశాను. గొలుసులకీ గాజులకీ అడ్డం రాలేదు. సన్నటి ఉంగరం చప్పుడూ డబ్బా రేకు చప్పుడూ ఒక్కలాగే ఉంటాయి. నేను మరిచిపోయాను. తిప్పిన సంగతే మరిచిపోయాను."

మరొకరైతే ఇక్కడ ఒక పావుగంట బోధ చేసి ఉండేవారు. కూర్మాచారి గారు కరివేపాకు మొక్క పక్కన ఎండాకు ఏరి అవతల పారేశారు.

లోకనాథం చివాల్న లేచాడు. మిషను భుజాన వేసుకున్నాడు. ముఖంలో కాస్త వెలుగు వచ్చింది.

"ఎక్కడికి?"

"ఒడ్డుకి. ఇప్పుడే వెళ్ళి మళ్ళీ వెతుకుతాను. మోగిన ప్రతిచోటా తవ్వుతాను. పన్నెండు రోజులే కదా అయింది, ఎక్కడికీ పోయి ఉండదు."

"దొరికితే?"

"పోలమ్మ గారి చేతిలో పెడతాను. ఆ పిల్లని పిలిపించేస్తారు."

"దొరక్కపోతే?"

లోకనాథం భుజాన మిషను సర్దుకున్నాడు.

కూర్మాచారి గారు దగ్గరకు వచ్చి అతని భుజం మీద నుంచి మిషను తీసి గోడకు ఆనించారు. బిడ్డ చేతిలోంచి కత్తి తీసుకున్నంత నెమ్మదిగా తీసుకున్నారు.

"ఉంగరం ఇసుకలో ఇంకో ఏడాది ఉన్నా దానికేమీ కాదు," అన్నారు. "ముందు ఆ ఇంటికి వెళ్ళు."

"ఉత్త చేతుల్తోనా?"

"వెళ్ళు నాయనా."

లోకనాథం నడుచుకుంటూ వెళ్ళాడు. పెద్దరేవు వీధి అయిదు నిమిషాల దూరం. అతనికి చాలాసేపు పట్టింది. దారిలో ఇద్దరు పలకరించి, ఈరోజు మిషను లేదేమని అడిగారు. భుజం తేలిగ్గా ఉండటం అతనికి ఏమీ బాగాలేదు. రెండుసార్లు వెనక్కి తిరుగుదామనుకున్నాడు. ఉంగరం దొరికాక వెళితే ఈ మాటలన్నీ చెప్పుకోవాల్సిన పనే ఉండదు కదా అని కూడా అనుకున్నాడు. అనుకున్నందుకు సిగ్గుపడ్డాడు.

పోలమ్మ ఇంటిముందు పాతవల పరిచి, దాని మీద నెత్తళ్ళు ఎండబెడుతోంది. పక్కింటి ఆడవాళ్ళు ఇద్దరు ముగ్గురు చేపలు తిరగేస్తున్నారు.

"ఏటి బావూ, ఈ పూటొచ్చినావు? ఎవుల్దయినా పోనాదేటి?" అంది పోలమ్మ.

"లేదమ్మా. నీకే ఒక మాట చెప్పాలి."

"లోపలికి రా మరి."

"ఇక్కడే చెబుతాను. ఆ రోజు ఒడ్డున అందరి ముందూ అన్నాను కదా." లోకనాథం చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక వెనక్కి కట్టుకున్నాడు. "ఉంగరం అక్కడ పడలేదన్నాను. ఆ మాట తప్పు. నాకు దొరకలేదు, అంతే. చెత్తకి మోగకూడదని మిషన్లో ఒక మీట తిప్పి పెట్టుకున్నాను. దానివల్ల సన్నటి బంగారానికీ మోగదు. ఆ మూడు రోజులూ ఉంగరం మీద నుంచే నడిచి పోయానేమో, నాకు తెలియదు."

చేపలు తిరగేస్తున్న చేతులు ఆగాయి.

"అయితే ఉంగరం అక్కడే ఉన్నాదంతావా?" అంది పోలమ్మ.

"అదీ చెప్పలేనమ్మా."

"ఉన్నాదని సెప్పలేవు, నేదని సెప్పలేవు. మరేటి సెప్పడానికొచ్చినావు?"

"నాకు తెలియదని చెప్పడానికి వచ్చాను."

పక్కింటామె ఒకతె కిసుక్కున నవ్వి, "దీనికా మూడు దినాలు తాళ్ళు కట్టి గీతలు గీసినాడు," అంది. లోకనాథం తల వంచుకున్నాడు. రేపటికి ఈ మాట బజారంతా పాకుతుందని అతనికి తెలుసు.

పోలమ్మ మాత్రం నవ్వలేదు. కూర్చున్నచోటు నుంచి లేవలేదు. వల మీద ఒక నెత్తలిని అటు తిప్పింది, ఇటు తిప్పింది. అది ఎండిందో లేదో చూడటం లేదని తెలుస్తూనే ఉంది.

"నా కళ్ళ ముందర ఏడిసినాది బావూ," అంది చివరికి. "కాళ్ళట్టుకున్నాది. అన్నం మానేసినాది. ఇంట్లో పిల్ల సెప్తే నమ్మనేదు నాను. నీ మిషను కుయ్యిమననేదని నమ్మీసినాను."



ఆవిడ లేచి బిందెలో నీళ్ళతో చేతులు, కాళ్ళు కడుక్కుంది. కాకుల్ని చూస్తుండమని పక్కింటామెకు చెప్పింది. లోపలికి వెళ్ళి చీర మార్చుకుని, తలుపు దగ్గరగా వేసి బయటికి వచ్చింది.

"కొత్తమెట్టకి ఆటో ఉన్నాదేటి ఇప్పుడు?"

"మాట్లాడతానమ్మా," అన్నాడు లోకనాథం.

"నువ్వూ రా. ఆ మాటేదో దానికాడ కూడా అను."

కొత్తమెట్ట నూకరత్నం పుట్టిన ఊరు. ముప్పావు గంట ప్రయాణం. పోలమ్మ దారి పొడుగునా మాట్లాడలేదు. లోకనాథం డ్రైవరు పక్కన కూర్చుని, ఆ పిల్ల ముందు ఏమనాలో లోలోపల కూడబలుక్కున్నాడు. ఒకసారి కుదిరినట్టే కుదిరింది. ఊరు దగ్గరపడేసరికి ఒక్క ముక్కా గుర్తులేదు.

నూకరత్నం గుమ్మం బయట పీట వేసుకుని రొయ్యలు వలుస్తోంది. ఆటో చప్పుడుకు తలెత్తింది. ముందు అత్తను చూసింది. ఆ వెనక లోకనాథం దిగడం చూసింది. చేతిలో రొయ్య తట్టలో జారవిడిచి లేచి నిలబడింది. పన్నెండు రోజులుగా చిక్కిపోయిన ఆ ముఖం ఒక్కసారిగా విచ్చుకుంది.

"దొరికినాదా అత్తా?"

"నేదే," అంది పోలమ్మ.

నూకరత్నానికి అర్థం కాలేదు. లోకనాథం చేతులకేసి చూసింది. అవి ఖాళీగా ఉన్నాయి. అతను ఏదో చెప్పబోయి చెప్పలేకపోయాడు. మళ్ళీ అత్తకేసి తిరిగింది.

"దొరకనేదా?"

"దొరకనేదమ్మా. అందుకే నానే వచ్చినాను. పద, ఇంటికెల్దాం."

నూకరత్నం అత్త ముఖం వైపు అలాగే చూస్తూ నిలబడింది. తర్వాత పీట మీద కాదు, నేల మీదే కూలబడి పెద్దగా ఏడ్చింది. లోపల్నుంచి తల్లి పరిగెత్తుకొచ్చింది. పోలమ్మ మంచి చీర సంగతి మరిచిపోయి రొయ్యపొట్టులోనే కోడలి పక్కన కూర్చుని ఆ పిల్ల తలను భుజానికి ఆనించుకుంది.

లోకనాథం చెప్పులు విడిచి కాస్త దూరంగా నిలబడ్డాడు. ఈ మూడేళ్ళలో అతను ఎంతోమంది చేతుల్లో పోయిన వస్తువులు పెట్టాడు. వాళ్ళూ ఏడ్చారు, దండాలు పెట్టారు. ఉంగరం లేకుండానే అత్త తన మాట నమ్మింది గనక ఏడుస్తోంది గానీ, అది దొరికి ఉంటే ఈ పిల్ల ఇలా ఏడ్చేది కాదని అతనికి అనిపించింది.